తొమ్మిది వేళ్ల చదువు

పోయినవారం మనం లక్ష్మీరాజం సారును పెద్దపల్లి స్టేషను బయట రిక్షా ఎక్కించి వదిలిపెట్టాం. ఒళ్లో రేకుపెట్టె, పెట్టెలో రెండు ధోవతుల నడుమ నలగకుండా దాచుకున్న సర్టిఫికెట్టు. హైదరాబాదులో ఆరువారాల ట్రైనింగు పూర్తిచేసి, ఈ తాలూకాలో టైపు నేర్పేవాళ్లందరిలో మొట్టమొదటి ట్రైన్డు టీచరై వచ్చిన మనిషి. అలాంటివాడు ఛాతీ విరుచుకుని రావాలా వద్దా? ఈయన మాత్రం చావింటికి పోయి వచ్చినవాడిలా తల వేలాడేసుకుని వచ్చాడు.

ఎందుకో మీలో చాలామందికి తెలుసు. ఈవారమే పత్రిక చేతిలోకి తీసుకున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను, తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

లక్ష్మీరాజానికి కుడిచేతి చిటికెన వేలు మొదటి కణుపు దాకానే ఉంది. చిన్నప్పుడు ఆదిలాబాదులో, మేనమామ పనిచేసే పత్తి మిల్లులో ఆడుకుంటూ పోగొట్టుకున్నాడు. పెద్దయ్యాక తహసీలు కచేరీలో ఉర్దూ నకళ్లు రాసే కొలువు దొరికింది. నిజాం రాజ్యం పోయి, కాగితాలన్నీ ఇంగ్లీషులోకి మారేసరికి, ఎవరూ నేర్పకుండానే టైపు మిషను పట్టుబట్టి నేర్చుకున్నాడు. లేని వేలు పనిని పక్క వేలికి అప్పజెప్పాడు. కుడివైపు పెద్దక్షరాల మీటను ముట్టేవాడే కాదు. అయినా ఆయన చెయ్యి ఉరికేది. అది ఆయన పట్టుదల, మెచ్చుకోవలసిందే. పదకొండేళ్ల కిందట కొలువు వదిలేసి 'గౌతమీ కమర్షియల్ ఇన్‌స్టిట్యూట్' అని బోర్డు కట్టాడు. టైపు, ఆఫీసు ఉత్తరాలు, ఫైళ్ల వ్యవహారం నేర్పుతానన్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆయన పాఠం చెప్పే తీరు ఇది. మొదటిరోజు మిషను ముందు తానే కూర్చుని కొట్టి చూపిస్తాడు. "గిట్ల కొట్టు" అంటాడు. తరువాత తన కుర్చీలోకి పోయి, ఎదురుగా పేపరు విప్పుకుని, చప్పుడు వింటూ కూర్చుంటాడు. చప్పుడు ఆగకుండా వస్తే చదువు సాగుతున్నట్టే లెక్క. గురువు చెయ్యి ఎలా ఆడితే శిష్యుడి చెయ్యి అలా ఆడింది. ఆయన మొండి వేలు గాల్లో ఉండేది. వాళ్లవి నిండు వేళ్లు, అవీ గాల్లోనే ఉండిపోయాయి. ఎత్తమని ఆయన ఎవరికీ చెప్పలేదు, దించమనీ చెప్పలేదు. మన పిల్లలేమో గురువు దగ్గినా అదీ పాఠంలోదే అనుకునే రకమాయె! పదకొండేళ్లలో దాదాపు మూడువందల మంది తొమ్మిది వేళ్లతోనే నేర్చుకున్నారు. లోయరు పరీక్ష ఎలాగో గట్టెక్కేవారు. కొలువులు తెచ్చే హయ్యరు పరీక్షకు కావలసిన స్పీడు మాత్రం వాళ్లకు అందేది కాదు.

"మిషను కొట్టుడు వచ్చినోనికి నేర్పుడు రాదా? దానికి గూడ సర్టిఫికెట్టా?" అని వెక్కిరించిన మనిషే ఆయన. ట్రైనింగు లేని టీచరుంటే గుర్తింపు రద్దు అని సర్కారు రూలు పెట్టింది కాబట్టి విధిలేక పోయాడు. అక్కడ మూడోవారం, అసలు మిషను ముఖమే చూడని ఆరుగురు పిల్లల్ని తెచ్చి, పాఠం చెప్పి చూపించమన్నారు. నాలుగు రోజులు చెప్పాడు. ఐదోరోజు అక్కడి పెద్ద మాస్టారు ఆయన్ను చెయ్యి పట్టుకుని పిల్లల వెనక్కి తీసుకుపోయి నిలబెట్టాడు. "ఆ చిటికెన వేళ్లు చూడండి లక్ష్మీరాజంగారూ. అలా ఎత్తమని మీరు చెప్పారా?" అని అడిగాడు. ఆరు చిటికెన వేళ్లు గాల్లో ఉన్నాయి. లక్ష్మీరాజం తన చేతి వంక చూసుకున్నాడు.

సరే, ఇక ఈవారం కథ.

రిక్షా ఇల్లు చేరకముందే హైస్కూలు హెడ్మాస్టరు కైలాసం ఎదురొచ్చాడు. రేపు ఆదివారం పొద్దున బడి ఆవరణలో సన్మానం. కరీంనగర్ నుంచి ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారు. గుర్తింపు కాగితం సభలోనే అందరి ముందూ చేతికిస్తారు.

"తప్పించుకునేది లేదు రాజం సారూ! పూలదండలు మంచిర్యాల నుంచి తెప్పిస్తున్న" అన్నాడు కైలాసం సంబరంగా.

ఇంట్లో భార్య బాలవ్వ జరీ కండువా ఉతికి ఆరేసి ఉంది. లక్ష్మీరాజం కాళ్లు కడుక్కున్నాడు, రెండు ముద్దలు తిన్నాననిపించాడు, చెప్పులు తొడిగాడు.

"ఇప్పుడే వస్తిరి, మళ్ళ ఎటు?" అంది బాలవ్వ.

"గంగుబాయి ఇంటిదాక పోయొస్త."

"గా బీడీలు చేసే గంగుబాయా? ఆమెతోటి ఏం పని?"

ఆయన బయటికి నడిచాడు. వాకిలి దాటేదాకా భార్య చూపు వీపుకు తగులుతూనే ఉంది.

గంగుబాయి ఆసిఫాబాదు పిల్ల. తండ్రి బడిపంతులు కాబట్టి మెట్రిక్ దాకా చదువుకుంది. పెద్దపల్లి పద్మశాలీల ఇంటికి కోడలై వచ్చిన నాలుగేళ్లకు భర్త ఛాతీ జబ్బుతో పోయాడు. మిగిలింది అత్త శంకరవ్వా, తనూ. పగలు బీడీలు చుట్టి, సాయంత్రం ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేది. లోయరు మొదటి దెబ్బకే పాసయింది. హయ్యరు మూడుసార్లు రాసింది, మూడుసార్లూ పోయింది. ఆ తరువాత రావడం మానేసింది. మూడోసారి ఫలితాలు వచ్చిన రోజు లక్ష్మీరాజమే ఇదే వాకిట్లో నిలబడి ఓదార్చాడు. ఏమని ఓదార్చాడో ఇప్పుడే వింటారు.

మృగశిర వాన ఒకటి పడి వెలిసింది. పెంకుటింటి అరుగు మీద ఇద్దరాడవాళ్లూ చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. ముందుగా చూసింది శంకరవ్వ.

"అవ్వో, సారు! గంగూ, సారు వచ్చిండే! జర చాప ఎయ్యి. కూసోండ్రి సారూ, కూసోండ్రి. పట్నంల పెద్ద చదువు చదివచ్చిండ్రటగద? ఊరంత గదే ముచ్చట."

"ఆఁ, ఏదో... పోయొచ్చిన" అన్నాడు లక్ష్మీరాజం చాప అంచున కూర్చుంటూ.

"మీ అసొంటి సారు దొరుకుడు మా అదృష్టం. మా కోడలికి మీరు శాన కష్టపడి చెప్పిండ్రు. ఏం జేస్తం, దాని వేళ్లే మొద్దువాయె. బీడీలు చుట్టి చుట్టి మొద్దుబారినయి. మీ తప్పేమున్నది సారూ."

నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది లక్ష్మీరాజానికి. ఆ మాట ముసలమ్మ సొంతంగా అన్నది కాదు. మూడోసారి ఫేలయిన రోజు, అక్షరం పొల్లుపోకుండా, ఆయనే అన్నాడు. "బాధపడకు బిడ్డా, బీడీలు చుట్టే వేళ్లు మొద్దుబారుతయి, హయ్యరు స్పీడు రాదు" అని. పైగా అది దయతో అంటున్నాననుకున్నాడు! దాన్ని ముసలమ్మ శాసనంలా గుండెలో చెక్కుకుంది.

"మాట్లాడుతుండుండ్రి, నేను చాయ్ పెట్టుకస్త" అని శంకరవ్వ లోపలికి పోయింది.

గంగుబాయి తలెత్తలేదు. తడిగుడ్డలోంచి ఆకు తీసింది, కత్తిరించింది, తంబాకు చల్లింది, చుట్టింది. చివర మూతి మడిచి, కుడిచేతి చిటికెన వేలి గోటితో టక్కున నొక్కింది, దారం కట్టి చాటలో పడేసింది. మళ్లీ ఆకు. మళ్లీ ఆ వేలే మూతి నొక్కింది. కంటికి అందని వేగంతో, ఒక్కసారి కూడా గురి తప్పకుండా, రోజుకు వెయ్యిసార్లు పనిచేసే వేలు అది. దాన్నా తను మొద్దు వేలన్నది? మిషను ముందు కూర్చోగానే ఆ వేలును గాల్లో వేలాడదీసి, పనికిరానిదాన్ని చేసింది తనే. లక్ష్మీరాజం ముఖం తిప్పేసుకున్నాడు. చూడలేకపోయాడు.

"గంగుబాయీ" అన్నాడు చివరికి. "నీకొక ముచ్చట చెప్పాల్నని వచ్చిన."

"చెప్పుండ్రి సార్."

"నువ్వు ఫేలయింది నీ తప్పు గాదు. నీ వేళ్ల తప్పు అసలే గాదు. నేను నేర్పుడే తప్పు నేర్పిన."

ఆమె చేతులు ఆగలేదు. ఆయన చెప్పుకుపోయాడు. ట్రైనింగు సంగతి, ఆరుగురు పిల్లల సంగతి, వెనక నిలబడి చూసిన సంగతి. ఒక్కో పెద్దక్షరం దగ్గర ఆమె చెయ్యి చోటు వదిలి ఎలా గెంతవలసి వచ్చిందో, ఒక పేజీలో అలాంటి గెంతులు ఎన్ని ఉంటాయో, స్పీడంతా ఎక్కడ కారిపోయిందో. చెప్పేకొద్దీ కొంచెం తేలికగా కూడా అనిపించింది. తప్పు ఒప్పుకునేవాడికి ఒక చిన్న సుఖం ఉంటుంది కదా, ఇంత పాపం కడుక్కున్నానని. ఆ సుఖమే ఇక్కడాయన రుచి చూశాడు.

"ఆరువారాలు ఏం నేర్పిండ్రు సార్ అక్కడ?" అని అడిగింది గంగుబాయి, పని ఆపకుండానే.

"ఎనుక నిలబడుడు నేర్పిండ్రు బిడ్డా. పిల్లల ఎనుక నిలబడి చేతులు చూసుడు. నేను పదకొండేండ్లు ముందట కూసుండి చప్పుడు విన్న. నాకు కొట్టుడు వచ్చుగని నేర్పుడు రాదు. ఆ రెండు ఒక్కటే అనుకున్న. గంతే."

"గంతేనా సార్?"

"ఆఁ?"

"గంతేనా అంటున్న. ఇంకేమన్న ఉన్నదా చెప్పేది?"

అప్పుడు తలెత్తింది. ఆసిఫాబాదు యాస ఇంకా పోని గొంతు, నిదానంగా, ఏ కోపమూ లేనట్టే పలికింది. అందుకే ఆయనకు భయం వేసింది.

"ఇంకేమున్నది... నాకు పోయిన నెలల్నే ఎరుకయింది. ఎరుకయినంక నిద్ర పట్టలే, నిన్ను కలువాల్నని..."

"కరీంనగర్ నుంచి ఉత్తరమొచ్చింది గద సార్. అరవై ఒకటిల, సంక్రాంతి దాటినంక."

అంటూనే ఇంకో ఆకు అందుకుంది గంగుబాయి.

"మిషన్లు తుడుస్తుంటి. పోస్టు మనిషి నా చేతికే ఇచ్చిండు. వచ్చిన కవర్లు ఇప్పి పెట్టుమని మీరే చెప్పిండ్రు నాకు. ఇప్పిన. పరీక్ష పెట్టే సారు రాసిండు. మీ పిల్లలందరు కుడిచెయ్యి చిటికెన వేలు లేపి కొడుతున్నరు, జర దిద్దుండ్రి అని. నా ఇంగ్లీషు ఎంత సార్, అయినా గామాత్రం సమజయింది. బల్లమీద పెట్టిన. మీరు వచ్చి చదివి, మడిచి కోటు జేబుల పెట్టుకొని 'ఏదో సర్క్యులరు' అన్నరు."

ఇదిగో, ఇది ఆయన ఎవరికీ చెప్పని ముక్క. ట్రైనింగులో పెద్ద మాస్టారికీ చెప్పలేదు, బాలవ్వకూ చెప్పలేదు. తనకు తాను చెప్పుకోవడం కూడా ఎప్పుడో మానేశాడు. ఆ ఉత్తరంలో చివరి వాక్యం ఒకటుంది. నేర్పే మనిషికి ట్రైనింగు లేనట్టుంది అని. ఆ ఒక్క వాక్యం చూసి ఆయనకు ఒళ్లు మండిపోయింది. తను సొంతంగా పట్టుబట్టి నేర్చుకున్న విద్యకు, ఎక్కడో కూర్చున్నవాడు వంక పెడతాడా అనుకున్నాడు. చిటికెన వేలు దించమని పిల్లలకు చెప్పాలంటే ముందు తన మొండి వేలు ఎత్తి చూపించాలి. నాకిది లేదు, నన్ను చూసి నేర్చుకోకండి అనాలి. ఆ మాట నోటికి రాలేదు. ఉత్తరాన్ని ఆ సాయంత్రమే చింపి పొయ్యిలో వేశాడు.

"రోషమొచ్చింది గంగుబాయీ" అన్నాడు తల దించుకుని. "ట్రైనింగు లేనోడన్నరని రోషమొచ్చింది. చింపేసిన. తప్పే. పెద్ద తప్పు."

"నేను వారం చూసిన సార్. ఇయ్యాల చెప్తరు, రేపు చెప్తరు అని. నెల చూసిన. సారే చెప్తలేడంటె గది అంత పెద్ద ముచ్చట కాదేమో అనుకున్న. మీరు చూపెట్టిందాన్ని నేను తప్పంటనా? నా అంతట నేను వేలు దించి చూసిన. దించితే పక్క అక్షరం మీద పడె. మీరు కుర్చీలకెంచి 'చప్పుడు తప్పింది' అని కసిరిండ్రు. మళ్ళ లేపిన."

కసిరిన సంగతి ఆయనకు గుర్తు లేదు. గుర్తు లేకపోవడం ఇంకా ఘోరంగా అనిపించింది. ఎంతమందిని అలా కసిరాడో!

"రెండుసార్లు గట్లనే రాసిన, గట్లనే పోయిన. తప్పు సరే సార్, మనిషన్నంక తప్పు చేస్తడు." గంగుబాయి చాట పక్కకు పెట్టి, చేతుల తంబాకు దులుపుకుంది. "కని దేవదాసును కరీంనగర్ ఎందుకు పంపిండ్రు?"

లోపల పొయ్యి మీద గిన్నె చప్పుడైంది.

దేవదాస్ ఆయన చెల్లెలి ఒక్కగానొక్క కొడుకు. తన దగ్గరే ఉండి, తన ఇన్‌స్టిట్యూట్‌లోనే గంగుబాయి పక్క మిషను మీద నేర్చుకుంటున్న పిల్లవాడు. ఆ ఉత్తరం వచ్చిన పదిహేను రోజులకు మేనమామ వాణ్ని కరీంనగర్ పంపి, అక్కడ వేరే మాస్టారి దగ్గర చేర్పించాడు. కాలేజీ చదువుకు దగ్గరగా ఉంటుందని అందరితో అన్నాడు. అనగా అనగా తనూ నమ్మాడు. ఏడాది తిరగకుండా దేవదాస్ హయ్యరు పాసయ్యాడు. నిరుడు తాలూకా ఆఫీసులో ఒక టైపిస్టు ఖాళీ వస్తే, హయ్యరు పాసయినవాడు ఊళ్లో వాడొక్కడే, కొలువు వాడికే దొరికింది.

"నిరుడు ఓ కాగితం పని మీద గా ఆఫీసుకు పోయిన" అంది గంగుబాయి. "దేవదాసు టైపు కొడుతుండు. పది వేళ్లు మిషను మీదనే ఉన్నయి. చూసుకుంట నిలబడ్డ. నా పని మరిసిపోయిన సార్. మీకు రోషమొచ్చి చింపినోళ్లయితే, మీ అల్లున్ని గూడ నా పక్కనే కూసోబెట్టేటోళ్లు. మీకు బరాబర్ సమజయింది. మీ ఇంటోన్ని ఒడ్డెక్కించి మమ్ముల నీళ్లల్ల ఇడిసిపెట్టిండ్రు."

ట్రైనింగులో వచ్చిన సిగ్గు ఒక రకం. అది తెలియక చేసినదానికి పడే సిగ్గు, దాన్ని మోసుకుని ఊరికి రావచ్చు, ఒప్పుకోనూ వచ్చు. ఇది వేరు. తెలిసి, ఎంచి, తనవాణ్ని ఒక్కణ్నే తప్పించి, మిగతావాళ్లను ఆ కుర్చీలోంచి రెండున్నరేళ్లు అలాగే చూస్తూ కూర్చున్నాడు. ఒక ఆడపిల్ల నోటి దగ్గరి అన్నం తన చెల్లెలి కొడుక్కి పెట్టాడు. పెట్టి, ఆ ఆడపిల్ల వేళ్లే మొద్దువన్నాడు.

కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సరిగ్గా అప్పుడే శంకరవ్వ చాయ్ పట్టుకొచ్చింది.

"అయ్యయ్యో, సారుకు కండ్ల నీళ్లొచ్చినయేందే? నా కోడలు ఫేలయిందని ఇంతగనం బాధపడ్తుండ్రా సారూ? ఊకోండ్రి. దాని రాత గట్లున్నది, మీరేం జేస్తరు!"

"అత్తా, గా బర్రెకు నీళ్లు పెట్టలే, జర చూడు" అంది గంగుబాయి. ముసలమ్మ నిట్టూర్చి పెరట్లోకి పోయింది.

"అత్తకు చెప్పలే నేను" అంది గంగుబాయి మెల్లగా. "ఊర్ల ఒక్కలకు గూడ చెప్పలే. చెప్తే నమ్ముతరా? ఫేలయినామె సారు మీద బురద జల్లుతుందంటరు."

"నేను నేర్పుత బిడ్డా!" అన్నాడు లక్ష్మీరాజం ఒక్కసారిగా, మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు. "ఆగస్టుల పరీక్షున్నది. నువ్వు రా. పొద్దటి పూట మిషనంత నీదే. ఎనుక నిలబడి పది వేళ్లతోని నేర్పుత. ఎట్ల దిద్దాల్నో గూడ నేర్చుకొని వచ్చిన. రెండు నెలలల్ల నువ్వు..."

"ఆగస్టుదే నాకు ఆఖరు పరీక్ష సార్. అక్టోబరుకు ఇరవై అయిదు నిండుతయి, ఇగ సర్కారు కొలువు లేదు. నాకెరుకే. మీ దగ్గరికి నేనే వద్దామనుకున్న."

"మరింకేంది, వచ్చెయ్యి!"

"నేనొక్కదాన్నేనా?"

ఆయనకు అర్థం కాలేదు.

"దేవదాసును సాటుగ ఒడ్డెక్కిచ్చిండ్రు. ఇప్పుడు నన్ను గూడ గట్లనే సాటుగ ఎక్కిస్తరా? మిగతోళ్లో? నా ఎంబడి కూసున్న భూమన్న బొగ్గుబాయిల దిగిండు. అంతయ్య మగ్గాల పనికి భీవండి పోయిండు. సాంబయ్య నాలుగుసార్లు ఫేలయి ఇంట్ల నోరిప్పి మాట్లాడుడే బంద్ చేసిండట. అందరు నా లెక్కనే, మాకే చాతగాదనుకొని కూసున్నరు. ఆళ్లకెవరు చెప్పాలె సార్?"

రేపటి సభ లక్ష్మీరాజం కళ్ల ముందు నిలిచింది. ఇన్‌స్పెక్టరు, కైలాసం, ఊరి పెద్దలు, ముందు వరుసలో బాలవ్వ, చెల్లెలు. ఈ మాట అక్కడ బయటపడితే గుర్తింపు కాగితం ఇన్‌స్పెక్టరు చేతిలోనే ఉండిపోతుంది. ఇన్‌స్టిట్యూట్‌కు తాళం పడుతుంది. పదకొండేళ్ల పేరు ఒక్క పొద్దుతో పోతుంది. అంతకంటే, చెల్లెలి ముఖం ఎలా చూడాలి? నీ కొడుకు కొలువు ఇంకొకరిని ముంచి తెచ్చిందని అందరి ముందూ ఎలా అనాలి? వాడికి ఈ ఉత్తరం సంగతే తెలియదు.

"రేపు నేను గూడ మాట్లాడుతున్న" అంది గంగుబాయి.

"ఎక్కడ?"

"మీ సన్మానంల. కైలాసం సారు నిన్న ఇంటికచ్చి చెప్పిండు. పాత విద్యార్థులల్ల ఆడమనిషివి నువ్వొక్కదానివే, సారు గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలె అన్నడు. నేను చెప్తనన్న."

ఆమె లేచి లోపలికి పోయింది. అల్మారాలోంచి పాత నోటుబుక్కు, అరగదీసిన పెన్సిలూ తెచ్చుకుని, ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చున్నట్టే వీపు నిటారుగా పెట్టి ఆయన ఎదురుగా కూర్చుంది. తెల్ల పేజీ తిప్పింది.

"ఏం మాట్లాడాల్నో నాకు తోస్తలేదు సార్. అబద్ధం చెప్ప నోరస్తలేదు. నిజం చెప్పుదామంటే, మీరు నాకు అక్షరం చెప్పినోళ్లు, నా అంతట నేను చెప్పలేను. మీరే డిక్టేషన్ ఇయ్యిండ్రి. మీరు ఏది చెప్తే గదే రాసుకుంట. రాసింది రాసినట్టు రేపు చదువుత. పొగడమంటే పొగుడుత, ఒట్టు."

ఒట్టు అంటే ఒట్టే అని ఆయనకు తెలుసు. పొగుడు అంటే ఈ పిల్ల నిజంగానే పొగుడుతుంది. రేపు మైకు ముందు నిలబడి, మా సారు దేవుడు అని చదివి, దిగిపోయి, ఇంటికొచ్చి బీడీలు చుట్టుకుంటుంది. తనను ఎవరూ ఏమీ అనరు. ఇంతకంటే పెద్ద శిక్ష ఏ కోర్టూ వేయలేదేమో అనిపించింది లక్ష్మీరాజానికి. చాయ్ చల్లారిపోయింది.

"రాసుకో" అన్నాడు.

పెన్సిలు కాగితం మీద ఆనింది.

"సభకు నమస్కారం. మాకు టైపు నేర్పిన లక్ష్మీరాజం సారుకు కుడిచేతికి చిటికెన వేలు లేదు."

రాసింది.

"ఆ వేలు లేకుండ ఆయన ఎట్ల కొట్టిండో మాకు గట్లనే నేర్పిండు. అందుకే మేము ఫేలయినం. మా వేళ్లల్ల ఏ తప్పు లేదు."

రాసింది. వాక్యం చివర ఒక్క క్షణం ఆగి, కొంగుతో ముక్కు తుడుచుకుంది, అంతే.

"అది తప్పని ఆయనకు రెండున్నరేండ్ల కిందట్నే ఉత్తరం వచ్చింది. చదివిండు. చింపేసిండు. మాకు చెప్పలేదు."

రాసింది. పెన్సిలు తరువాతి మాట కోసం ఎదురుచూసింది.

"మాకు చెప్పలేదు గని..." అన్నాడు లక్ష్మీరాజం. చల్లారిన చాయ్ పక్కకు జరిపాడు. "గని తన..."

వాకిట్లో సైకిలు ఆగిన చప్పుడు. దేవదాస్ ఆయాసపడుతూ అరుగు దగ్గరికి వచ్చాడు, చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయి ఉంది.

"మామా, నువ్వు గీడున్నవా? ఊరంత దేవులాడిన! ఇన్‌స్పెక్టరు సారు ఇయ్యాల్నే దిగిండు. మన ఇంట్ల కూసున్నడు. గుర్తింపు కాగితం మీద ఇప్పుడే సంతకం పెడ్తడట, నువ్వుండాలె. లే, దా!" అని, ఎదురుగా నోటుబుక్కు పట్టుకుని కూర్చున్న గంగుబాయిని చూసి ఆగిపోయాడు. "ఏందక్కా, ఏం రాస్తున్నవు?"

గంగుబాయి వాడి వైపు చూడలేదు. పెన్సిలు ఎత్తలేదు. గురువు ముఖం మీదే కళ్లు పెట్టి, నెమ్మదిగా అంది.

"ఆగిండ్రేంది సార్? చెప్పుండ్రి. స్పీడు పడిపోతంది."